సమన్ల కవరు ఎవరి చేతికిచ్చారు? కోర్టులకు, తపాలా శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ గారికి, హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు చీఫ్ జడ్జి గారికి, రంగారెడ్డి, మేడ్చల్ మల్కాజిగిరి ప్రధాన జిల్లా జడ్జి గార్లకు, తపాలా శాఖ తెలంగాణ సర్కిల్ చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ గారికి నమస్కారాలు.

పురానీ హవేలీలోనైనా, కూకట్‌పల్లిలోనైనా, ఎల్బీ నగర్‌లోనైనా చేతిలో కవరు పట్టుకుని కోర్టుకు వచ్చే మనిషి మొదట అడిగే ప్రశ్న ఒకటే: “పోస్టులో వచ్చిన సమన్లు చెల్లుతాయా?” చెల్లుతాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు తొమ్మిదో రూలు ఆ దారి ఇచ్చింది. ఇప్పుడున్న రూపంలో ఆ రూలు చాలావరకు 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కవరు ఎవరి చేతికి వెళ్లింది, పోస్ట్‌మ్యాన్ దాని మీద ఏం రాశాడు, ఆ రాతను కోర్టు ఎలా చదివింది అన్న మూడు సంగతుల మీదే ఒక ఇల్లు, ఒక జీతం, ఒక కొట్టు జప్తుదాకా వెళ్లాలో వద్దో తేలుతుంది. ఈ లేఖ ఆ మూడింటి గురించే.

ముందు ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతున్నారు. లాయరు పంపే నోటీసు వేరు, కోర్టు పంపే సమన్లు వేరు. లాయరు నోటీసు తీసుకోకపోతే దావా వేస్తారు, అంతే. సమన్లు వచ్చాయంటే దావా అప్పటికే పడింది. సమన్ల మీద జడ్జి సంతకంగానీ, అందుకు నియమించిన కోర్టు అధికారి సంతకంగానీ ఉండాలి, కోర్టు ముద్ర ఉండాలి, దావా నంబరు, వాయిదా తేదీ ఉండాలి, వెంట దావా ప్రతి ఉండాలి. దావా ప్రతి లేకుండా వట్టి సమన్ల కాగితం వస్తే ఐదో ఆర్డరు రెండో రూలు పాటించనట్టే. ఆ సంగతి మొదటి వాయిదాలోనే కోర్టుకు చెప్పుకోవాలి.

వాది పని కూడా గడువులతోనే నడుస్తుంది. సమన్లకు ఉత్తర్వు అయిన 7 రోజుల్లోపు ఎంతమంది ప్రతివాదులుంటే అన్ని దావా ప్రతులు ఇచ్చి, బత్తా (సమన్లు పంపడానికి కోర్టుకు కట్టే రుసుము) కట్టాలి. దావా వేసిన రోజు నుంచి 30 రోజులు దాటకుండా సమన్లు అందించే తేదీ వేయాలని అదే కోడ్ 27వ సెక్షను చెబుతుంది. అందించే దారులు చాలానే ఉన్నాయి: కోర్టు ప్రాసెస్ సర్వరు (సమన్లు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే కోర్టు ఉద్యోగి), అక్నాలెడ్జ్‌మెంటుతో (అందినట్టు సంతకం చేసిన కార్డు) రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు, కోర్టు ఆమోదించిన కొరియరు, హైకోర్టు నియమాలు అనుమతించిన మేరకు ఈమెయిలు, ఫ్యాక్సు. పోస్టు ఖర్చు వాదిదే. వాది అడిగితే తానే తీసుకెళ్లి ఇవ్వడానికి 9ఏ రూలు కింద అనుమతి కూడా దొరుకుతుంది.

పోస్టులో పంపిన సమన్లు అందినట్టు కోర్టు ఎప్పుడు ప్రకటించాలి? రూలు మూడు సందర్భాలు చెప్పింది. ప్రతివాదిగానీ, అతని తరఫున తీసుకునే అధికారం ఉన్న ఏజెంటుగానీ సంతకం చేసిన అక్నాలెడ్జ్‌మెంటు తిరిగొస్తే అందినట్టే. తీసుకోనన్నాడని పోస్ట్‌మ్యాన్ రాసి కవరు తిప్పి పంపినా అందినట్టే. 2021లో విశ్వబంధు వర్సెస్ శ్రీకృష్ణ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను మళ్లీ ఖరారు చేసింది. కవరు తిప్పి పంపితే కేసు ఆగిపోతుందనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. మూడోది మినహాయింపు రూపంలో ఉంది: చిరునామా సరిగా రాసి, ఖర్చు ముందే కట్టి, అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కవరు తాలూకు అక్నాలెడ్జ్‌మెంటు పోయినా, మరే కారణంతో అయినా 30 రోజుల్లో కోర్టుకు చేరకపోయినా, సమన్లు అందినట్టే ప్రకటించాలి.

మా ఆందోళనంతా ఈ మూడోదాని చుట్టూనే. 2025 చివర్లో పోస్టుకు సంబంధించిన మాటలు సవరించేదాకా ఆ మినహాయింపులో “రిజిస్టర్డ్ పోస్ట్ అక్నాలెడ్జ్‌మెంట్ డ్యూ” అనే మాటే ఉండేది, మామూలు స్పీడ్ పోస్టు లేదు, కొరియరు లేదు. అదే రూలు పై భాగంలో ఈ మూడింటినీ పక్కపక్కన పేర్కొన్న చట్టం, ఇక్కడికొచ్చేసరికి ఒక్కదాన్నే ఉంచింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. రిజిస్టర్డ్ కవరు మనిషి పేరుకు వెళ్లేది. సంతకంతో కార్డు వెనక్కి వచ్చేది. కార్డు తప్పిపోయినా కవరు సరైన మనిషికే చేరి ఉంటుందన్న నమ్మకం ఆ పద్ధతిలోనే ఉండేది. 2025లో తపాలా శాఖ దేశంలోపల రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు రిజిస్ట్రేషన్ అనేది స్పీడ్ పోస్టుకు తగిలించుకునే అదనపు సదుపాయం. కవరుకు 5 రూపాయలు, పైన జీఎస్టీ కడితే కవరు పేరున్న మనిషికే ఇవ్వాలి. ఆ సదుపాయం అడగకుండా పంపితే అది మామూలు స్పీడ్ పోస్టే.

ఆ 5 రూపాయల తేడా కోర్టులో చాలా పెద్దదవుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా, అందినట్టు సంతకంతో రుజువు తిరిగి రాకుండా స్పీడ్ పోస్టు పంపి, నెల గడిచాక ట్రాకింగ్ ప్రింటు తెచ్చి “డెలివర్డ్ అని ఉంది, సర్వ్ అయినట్టు ప్రకటించండి” అని మెమో వేస్తే ఏం చేయాలి? రూలును ఉన్నదున్నట్టు చదివితే ఆ 30 రోజుల మినహాయింపు ఈ కవరుకు వర్తించదు. ప్రతివాది సంతకమన్నా ఉండాలి, నిరాకరించాడన్న రాతన్నా ఉండాలి. జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను ప్రకారం సరైన చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో పోస్టులో పంపింది అందినట్టే భావించాలన్నది నిజమే. అయినా అక్కడా మాట రిజిస్ట్రేషన్ ఉన్న పోస్టు గురించే. పైగా అది తిరగరాయగలిగిన భావనే. నాకు అందలేదని ప్రతివాది రుజువు చూపిస్తే పడిపోతుంది.

హైదరాబాద్‌లో ఈ చిక్కు మరీ ముదరడానికి కారణం అపార్ట్‌మెంట్ గేటు. మియాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో పోస్ట్‌మ్యాన్‌ను లోపలికి పంపరు. కవర్లన్నీ సెక్యూరిటీ గదిలో కట్టగా పడతాయి. అక్కడి రిజిస్టరులో ఫ్లాటు నంబరు రాస్తారు, ట్రాకింగులో “డెలివర్డ్” పడిపోతుంది. సెక్యూరిటీ గార్డు ప్రతివాది కాదు, ఏజెంటూ కాదు. ప్రాసెస్ సర్వరు ఇంటికి వెళ్లినప్పుడు వర్తించే ఐదో ఆర్డరు 15వ రూలు కూడా ఇంట్లోని పెద్ద వయసు కుటుంబ సభ్యుడికో సభ్యురాలికో మాత్రమే ఇవ్వనిస్తుంది. అదీ ప్రతివాది ఇంట్లో లేక, తగినంత సమయంలో దొరికే అవకాశం లేనప్పుడే. పనిమనిషి కుటుంబ సభ్యుల్లోకి రాదని ఆ రూలు విడిగా వివరణ ఇచ్చింది. ఇంట్లో వంట చేసే మనిషికే ఇవ్వకూడని కాగితం గేటు దగ్గర షిఫ్టులు మారే గార్డుకు ఇస్తే చాలదని వేరే చెప్పాలా?

దాని పర్యవసానం చూడండి. ట్రాకింగ్ ప్రింటు చూసి సర్వ్ అయిందన్నారు. వాయిదాకు ప్రతివాదిని పిలిచారు, రాలేదు, తొమ్మిదో ఆర్డరు ఆరో రూలు కింద ఎక్స్ పార్టీ చేశారు, అంటే ప్రతివాది లేకుండానే దావా నడిపారు. డిక్రీ అయింది. డిక్రీ అమలుకు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేశారు. జీతం జప్తుకు ఆఫీసుకు కాగితం వెళ్లినప్పుడో, ఇంటి గోడకు నోటీసు అంటించినప్పుడో ఆ మనిషికి దావా సంగతి తెలుస్తుంది. అప్పుడు డిక్రీ కొట్టేయమని 13వ రూలు కింద దరఖాస్తు వేస్తారు. దానికి లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ 30 రోజుల గడువిచ్చింది. సమన్లు సరిగా అందకపోతే ఆ గడువు డిక్రీ తేదీ నుంచి కాక, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. కాబట్టి వాదన మళ్లీ ఆ కవరు దగ్గరికే వస్తుంది. వాదికీ లాభం లేదు. గేటు దగ్గర మిగిలిపోయిన ఒక కవరు వల్ల తనకొచ్చిన డిక్రీ రద్దయి, దావా మళ్లీ మొదటి మెట్టు నుంచి నడుస్తుంది.

తిరిగొచ్చిన కవరు మీది రాతల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గందరగోళమంతా ఇక్కడే. “రిఫ్యూజ్డ్” అంటే సమన్లు అందినట్టే. “లెఫ్ట్”, “నో సచ్ పర్సన్”, “ఇన్‌సఫిషియెంట్ అడ్రస్” అంటే అందనట్టే. కొత్త చిరునామాతో మళ్లీ బత్తా కట్టాలి. కవరు తిరిగొచ్చిన 7 రోజుల్లో వాది కొత్త సమన్లకు దరఖాస్తు చేసుకోకపోతే తొమ్మిదో ఆర్డరు ఐదో రూలు కింద ఆ ప్రతివాది మీద దావా కొట్టేయవచ్చు. గుమాస్తాలు ఈ గడువును అంతగా పట్టించుకోరుగానీ, ఇది చాలా ప్రమాదకరమైన గడువు. మిగిలినవి “డోర్ లాక్డ్” (తాళం వేసి ఉంది), “ఇంటిమేషన్ ఇచ్చాం” (కవరు వచ్చిందని కబురు పెట్టాం), “అన్‌క్లెయిమ్డ్” (వచ్చి తీసుకోలేదు). చెక్కు బౌన్సు కేసుల్లో డిమాండు నోటీసు ఇలా తిరిగొస్తే అందినట్టే భావించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులను దావా సమన్లకు అలాగే అంటించడం సరికాదని మా అభిప్రాయం. తొమ్మిదో రూలు ఐదో ఉపనియమం నిరాకరణ ఒక్కదాన్నే పేర్కొంది, తాళం గురించి చెప్పలేదు. పోస్ట్‌మ్యాన్ వచ్చిన వేళకు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల్లో ఉండే ఇళ్లు ఈ నగరంలో లక్షల్లో ఉన్నాయి. తాళం వేసి ఉండటమూ తప్పించుకు తిరగడమూ ఒకటి కాదు. అలాంటప్పుడు ప్రాసెస్ సర్వరును సాయంత్రం వేళకో సెలవు రోజుకో పంపి చూడాలి. ఆయన 17వ రూలు కింద తలుపుకు అంటిస్తే, ఇల్లు చూపించిన మనిషి పేరు, చిరునామా, ఎవరి ఎదుట అంటించాడో రిపోర్టులో రాయాలి. ప్రమాణం చేసి ఇచ్చిన రిపోర్టు కాకపోతే 19వ రూలు కింద కోర్టు ఆయన్ను విచారించి తీరాలి. ఇవేవీ లేకుండా “అంటించితిని” అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు దేనికీ పనికిరాదు.

చిరునామా తప్పయితే పోస్టులో పంపీ లాభం లేదు. మన నగరంలో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు: 12-2-417 తర్వాత గీత పెట్టి ఏ, మళ్లీ గీత పెట్టి 6. అందులో ఒక్క గీత పడిపోతే కవరు వేరే గల్లీకి పోతుంది. సేల్ డీడులో ప్లాటు నంబరు, సర్వే నంబరు ఉంటాయి, పోస్ట్‌మ్యాన్‌కు వాటితో పనిలేదు. పదేళ్ల కిందటి కిరాయి అగ్రిమెంటులోని చిరునామాను దావాలోకి ఎక్కించి, ఆ ఇల్లు ఖాళీ చేశారని తెలిసి కూడా అక్కడికే సమన్లు పంపించే వాదులున్నారు. అది పొరపాటు కాదు, ఎక్స్ పార్టీ డిక్రీ కోసం పన్నే ఎత్తు. ప్రతివాది పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఫ్లాటు, అంతస్తు, బ్లాకు, అపార్ట్‌మెంట్ పేరు, పూర్తి ఇంటి నంబరు, వీధి, కాలనీ లేదా బస్తీ, దగ్గరి గుర్తు, పిన్‌కోడు, మొబైలు నంబరు, ఇన్నీ ఉంటేనే చిరునామా సరిగా రాసినట్టు. కంపెనీ మీద దావా అయితే 29వ ఆర్డరు రెండో రూలు చూడాలి. సెక్రటరీ, డైరెక్టరు లేదా ప్రధాన అధికారికి ఇవ్వవచ్చు, లేదంటే రిజిస్టర్డ్ ఆఫీసుకు పోస్టులో పంపవచ్చు. అమీర్‌పేటలో బ్రాంచి కనిపించింది కదా అని అక్కడి రిసెప్షన్‌కు పంపితే కుదరదు.

పేపరు పబ్లికేషన్ దగ్గరి దారి అయిపోయింది. 20వ రూలు దాన్ని చివరి మెట్టుగా పెట్టింది. ప్రతివాది కావాలని తప్పించుకుంటున్నాడనో, మామూలు దారిలో అందించడం కుదరదనో నమ్మడానికి కోర్టుకు కారణం కనిపించాలి. ఆ కారణం ఉత్తర్వులో కూడా కనిపించాలి. నీర్జా రియల్టర్స్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇది పాటించలేదనే ఎక్స్ పార్టీ డిక్రీని నిలవనివ్వలేదు. పత్రిక కూడా ప్రతివాది చివరిగా నివసించిన ప్రాంతంలో నడిచేదై ఉండాలి. పాతబస్తీలో తరతరాలుగా ఉర్దూ పత్రిక చదివే కుటుంబానికి, ఎవరూ చూడని ఏదో చిన్న పత్రికలో ఒక మూలన ప్రకటన వేయించి అందించామనడం న్యాయం కాదు. అందుకే 123వ ఆర్టికల్ వివరణ కూడా ఈ ప్రత్యామ్నాయ పద్ధతిని సరైన అందజేతగా లెక్కించవద్దని చెప్పింది.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఇక్కడ తక్కువేం కాదు కాబట్టి మరో సంగతి. అక్కడి కుటుంబ కోర్టుల్లో వేసిన విడాకుల కాగితాలు నేరుగా కొరియరులోనో పోస్టులోనో హైదరాబాద్ చిరునామాకు వస్తున్నాయి. విదేశాల్లో కోర్టు కాగితాలు అందించడంపై ఉన్న హేగ్ ఒప్పందం మన దేశానికి 2007 ఆగస్టు 1 నుంచి వర్తిస్తోంది. అందులో పోస్టు ద్వారా నేరుగా పంపే పదో ఆర్టికల్‌కు భారత్ అభ్యంతరం చెప్పింది. ఆ కాగితాలు కేంద్ర న్యాయశాఖ ద్వారానే రావాలి. అంటే నేరుగా వచ్చిన కవరు ఆ ఒప్పందం ప్రకారం సరైన అందజేత కాదు. అలాగని దాన్ని చించి పారేయకూడదు. అక్కడి కోర్టు తన దారిలో తాను ముందుకెళ్లవచ్చు కాబట్టి వెంటనే అక్కడా ఇక్కడా సలహా తీసుకోవాలి. ఇక్కడి నుంచి విదేశంలోని ప్రతివాదికి పంపడానికి మాత్రం ఐదో ఆర్డరు 25వ రూలు పోస్టును అనుమతిస్తుంది.

వాట్సాప్ గురించి ఒక్క మాట చాలు. 2020 జులై 10న కోవిడ్ రోజుల్లో సుప్రీంకోర్టు ఈమెయిలుతోపాటు వాట్సాప్‌లాంటి సేవల్లో పంపవచ్చని చెప్పింది. 2025 జనవరిలో పోలీసులు ఇచ్చే హాజరు నోటీసులు వాట్సాప్‌లో కుదరవని చెప్పింది. రెండో ఉత్తర్వు పోలీసు నోటీసుల గురించి. దాన్ని సివిల్ సమన్లతో కలిపి మాట్లాడవద్దు.

ఇక మేం కోరేవి.

హైకోర్టు వారు స్పీడ్ పోస్టులో పంపే సమన్లకు రిజిస్ట్రేషన్, అందినట్టు సంతకంతో రుజువు రెండూ తప్పనిసరని, ఆ రెండూ ఉన్న కవరుకే తొమ్మిదో రూలులోని 30 రోజుల మినహాయింపు వర్తిస్తుందని అన్ని కింది కోర్టులకూ ఒకే తీరుగా చెప్పాలి. కింది కోర్టులు పాటించే నియమావళి అయిన సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో చేర్చగలిగితే మరీ మంచిది. రుజువు లేని ట్రాకింగ్ ప్రింటు ఒక్కదాని మీద ఎవరినీ ఎక్స్ పార్టీ చేయవద్దని స్పష్టం చేయాలి. పోస్టూ, ప్రాసెస్ సర్వరూ రెండు దారుల్లోనూ ఒకేసారి పంపే పద్ధతిని మొదటి సమన్లకు మామూలు పద్ధతిగా చేయాలి. అదనపు ఖర్చు కొద్దిపాటిదే, పోయే వాయిదాలు మిగులుతాయి. ప్రాసెస్ సర్వర్లకు ఇచ్చిన ఎన్‌స్టెప్ యాప్‌లో ఇల్లు చేరిన చోటు, వేళ నమోదవుతాయి. ఆ నమోదును డాకెట్‌లో (కోర్టు ప్రతి వాయిదాకు రాసే ఉత్తర్వులో) కూడా ప్రస్తావించేలా చూడాలి. కొరియర్లు తప్పుడు రాతలు రాస్తాయేమోనన్న భయం సేలం బార్ అసోసియేషన్ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆమోదించిన కొరియర్ల జాబితాను అప్పుడప్పుడూ తిరిగి చూడటం అవసరం.

తపాలా శాఖ వారిని అడిగేది చిన్నదే, దాని విలువ మాత్రం పెద్దది. కోర్టు ముద్ర ఉన్న కవరును సెక్యూరిటీ గదిలో వదిలి “డెలివర్డ్” అని వేయవద్దని డెలివరీ ఆఫీసులకు ఆదేశమివ్వండి. తీసుకున్న మనిషి పేరు, ప్రతివాదితో సంబంధం, తేదీ, వేళ రుజువు కాగితం మీద చదవగలిగేలా రాయించండి. తిరిగి పంపేటప్పుడు ఎన్నిసార్లు వెళ్లారో, ఏయే తేదీల్లో వెళ్లారో రాసి పోస్ట్‌మ్యాన్ పొట్టి సంతకం, బీటు నంబరు వేయించండి. ఎండలో వందల కవర్లతో తిరిగే మనిషికి ఇది అదనపు భారమని మాకు తెలుసు. కోర్టు కవర్లను విడిగా కట్టి ఇస్తే ఆ భారం చాలావరకు తగ్గుతుంది.

అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఒక వినతి. కోర్టు కవరు వస్తే పోస్ట్‌మ్యాన్‌ను ఫ్లాటుదాకా వెళ్లనివ్వండి. గార్డు సంతకం పెట్టవద్దు.

కవరు అందుకునేవాళ్లకు: దాన్ని తిప్పి పంపవద్దు. సంతకం పక్కన తేదీ, వేళ మీరే రాయండి. కవరు పారేయవద్దు, దాని మీది పోస్టు ముద్రే మీకు సాక్ష్యం. గార్డు ఆలస్యంగా ఇస్తే గేటు రిజిస్టరులో ఆ పేజీ ఫోటో తీసుకుని పెట్టుకోండి. నకిలీ కోర్టు కాగితాలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి ఈకోర్ట్స్ వెబ్‌సైటులో కేసు నంబరుతోనో, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతోనో సరిచూసుకోండి. అందిన రోజు నుంచి 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు మీ రాతపూర్వక జవాబు) వేయాలి. కారణం చూపితే 90 రోజులదాకా పొడిగిస్తారు. వాణిజ్య దావా అయితే 120 రోజులు దాటాక వేసే హక్కే పోతుంది, కోర్టు కూడా కాపాడలేదు. ఎక్స్ పార్టీ అయిందని దావా నడుస్తుండగానే తెలిస్తే డిక్రీదాకా ఆగవద్దు. తొమ్మిదో ఆర్డరు ఏడో రూలు కింద ఆ వాయిదాకే ఐఏ (దావా నడుస్తుండగా వేసే దరఖాస్తు) వేయించండి. డిక్రీ అయిపోయాక వేసేటప్పుడు మాత్రం వాయిదా తేదీ మీకు నిజంగా తెలియదన్న సంగతిని అఫిడవిట్‌లో గట్టిగా, వివరంగా చెప్పాలి. అందజేతలో చిన్న లోపం ఉన్నా వాయిదా తేదీ మీకు ముందే తెలిసి, రావడానికి వ్యవధి కూడా ఉందని తేలితే, ఆ లోపం ఒక్కదాన్నే చూపి డిక్రీ కొట్టేయడం కుదరదని 13వ రూలు చెబుతోంది.

ఇట్లు,
నగరంలోని సివిల్ కోర్టుల్లో పనిచేసే కొందరు న్యాయవాదులు, గుమాస్తాలు
హైదరాబాద్